మూడవ నంబరు రౌతు

2000వ సంవత్సరం జులై మొదటి వారంలో ఒకనాడు ఉత్తర ఐర్లండులోని బాలిమనీ అనే చిన్న పట్టణానికి వెళ్లే దారులన్నీ మోటారు సైకిళ్లతో నిండిపోయాయి. పట్టణానికి కొద్ది దూరాన, పచ్చిక బయళ్ల నడుమ ఉన్న గారీడఫ్ చర్చి చిన్నది. లోపల చోటు దొరికినవారు కొందరే. తక్కినవారు దారుల పొడవునా, పొలాల గట్ల మీద, కంచెల పక్కన మౌనంగా నిలబడ్డారు. వచ్చినవారు 50,000 మంది వరకు ఉంటారని అంచనా వేశారు.

ఆ దేశంలో జులై ప్రశాంతమైన నెల కాదు. అది ప్రొటెస్టంటుల ఊరేగింపుల కాలం. ఆ ఊరేగింపులు కాథలిక్కుల వీధులగుండా పోరాదన్న వివాదం ఏటా రగులుతూ ఉండేది. ఆ ఏడూ రగిలింది. అటువంటి నెలలో రెండు మతాలవారూ భుజం భుజం కలిపి నిలబడి ఒకే మనిషికోసం కన్నీరు పెట్టుకున్నారు. శవపేటికలో ఉన్నవాడు మత గురువు కాడు, రాజకీయ నాయకుడు అంతకన్నా కాడు. బాలిమనీలో ఒక పబ్బు నడుపుకునే నలభై ఎనిమిదేళ్ల మనిషి. మోటారు సైకిలు పందేలలో ప్రపంచమంతా ఎరిగిన జోయీ డన్‌లప్.

డన్‌లప్ అనగానే మన పాఠకులకు టైరు గుర్తుకు రావడం సహజం. గాలి నింపిన టైరుకు 1888లో పేటెంటు పొందిన జాన్ బాయ్డ్ డన్‌లప్ కూడా ఉత్తర ఐర్లండులోనే, బెల్‌ఫాస్టులో, పశువైద్యం చేసినవాడు. అయితే మన కథానాయకుడి పేరు టైరు మీద అచ్చు పడినది కాదు. ఐరిష్ సముద్రం నడుమ ఉన్న ఐల్ ఆఫ్ మాన్ అనే దీవిలోని ఒక రహదారి మీద అది నిలిచిపోయింది.

ఆ రహదారిని గూర్చి కొంత తెలిస్తే తప్ప జోయీ అర్థం కాడు. ఐల్ ఆఫ్ మాన్‌లో టూరిస్ట్ ట్రోఫీ పందేలు 1907లో ప్రారంభమయ్యాయి. 1911 నుంచి అవి స్నేఫెల్ అనే కొండ మీదుగా పోయే దారిన జరుగుతున్నాయి. ఒక చుట్టు 37.73 మైళ్లు, అనగా దాదాపు 61 కిలోమీటర్లు. పందెంకోసం ప్రత్యేకంగా కట్టిన బాట కాదది. తక్కిన రోజుల్లో పాలబండ్లు, బస్సులు, బడిపిల్లలు తిరిగే మామూలు రోడ్డు. పందెం వేళకు దానిని మూసివేస్తారు. దారి పక్కనే ఇళ్ల గోడలు, దీపస్తంభాలు, రాతి కట్టడాలు, చర్చి ప్రహరీలు. రెండు వందలకు పైగా మలుపులు. ఒకచోట చిన్న వంతెన మీద రెండు చక్రాలూ నేలను విడిచి గాలిలోకి లేస్తాయి. కింద ఊళ్లో ఎండ కాస్తూ ఉండగానే కొండమీద పొగమంచు కమ్ముకోవచ్చు. రౌతులు గుంపుగా బయలుదేరరు. పది సెకండ్లకు ఒకరు చొప్పున బయలుదేరి గడియారంతో పోటీ పడతారు. ఎవరు ముందున్నారో దారిలో ఉన్న రౌతుకు తిన్నగా తెలియదు. ముఖ్యమైన పందేలు ఆరు చుట్లు. అంటే సుమారు రెండు గంటల పాటు ఒంటరితనం, ఆ ఒంటరితనంలో ఒక్క క్షణమైనా సడలరాని ఏకాగ్రత.

పొరపాటుకు అక్కడ క్షమ లేదు. ఈ దారిమీద ఇంతవరకు రెండు వందల యాభై మందికి పైగా రౌతులు ప్రాణాలు కోల్పోయారు. 1972లో ఇటలీ దేశస్థుడు గిల్బెర్టో పార్లొట్టి మరణించినప్పుడు, అప్పటికి ఆ పందేలలో పదిసార్లు గెలిచిన జియాకొమో అగొస్తీని ఇక ఆ దీవికి రానన్నాడు. మరికొందరు ప్రసిద్ధులు ఆయనను అనుసరించారు. 1976తో ఆ పందేలకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ హోదా పోయింది. పెద్దలు విడిచి వెళ్లిన ఆ దారిలోకి ఆంట్రిమ్ పల్లెనుంచి ఒక కుర్రవాడు తొలిసారిగా అడుగు పెట్టింది ఆ 1976లోనే.

విలియమ్ జోసెఫ్ డన్‌లప్ 1952 ఫిబ్రవరి 25న బాలిమనీ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి మెకానిక్కు. ఇంజను విప్పడం, బిగించడం జోయీకి ఇంటి విద్యగా అబ్బింది. 1969లో ఒక పాత 200 సి.సి. ట్రయంఫ్ టైగర్ కబ్ మీద మొదటి పందెంలో పాల్గొన్నాడు. చేతిలో డబ్బు ఉండేది కాదు. ఉన్న యంత్రాన్నే బాగుచేసుకుని, స్నేహితులవద్ద విడిభాగాలు అడిగి తెచ్చుకుని, వారాంతాల్లో పందేలకు వెళ్లేవాడు. జోయీ, అతని తమ్ముడు జిమ్, వారి తోబుట్టువును పెళ్లాడిన మెర్విన్ రాబిన్సన్, ఫ్రాంక్ కెనెడీ కలిసి ఒక జట్టుగా తిరిగేవారు. ఆర్మొయ్ అనే ఊరిపేర జనం వారిని ‘ఆర్మొయ్ ఆర్మాడా’ అని ముద్దుగా పిలిచేవారు. బాంబులు, కాల్పులు, సోదాలు నిత్యకృత్యమైన ఆ సంవత్సరాల్లో పందెం ఉన్న ఆదివారమో శనివారమో ఏ మతంవాడైనా గట్టుమీద పక్కవాడితో నవ్వుతూ మాట్లాడగలిగేవాడు. ఆ పందేలమీద అక్కడి జనానికి ఉన్న మమకారానికి వేగమొక్కటే కారణం కాదని దీనిని బట్టి తెలుస్తుంది.

1977లో, ఐల్ ఆఫ్ మాన్‌కు వచ్చిన రెండవ ఏటనే, ఎలిజబెత్ రాణి రజతోత్సవం సందర్భంగా జరిపిన జూబిలీ పందెంలో జోయీ గెలిచాడు. అది మొదటి విజయం. రెండవదానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ ‘ఆర్మాడా’కు చేటు కాలమే. 1979లో నార్త్ వెస్ట్ 200 పందెంలో ఫ్రాంక్ కెనెడీ తీవ్రంగా గాయపడి, కొన్ని నెలల తరువాత మరణించాడు. మరుసటి ఏడు మే నెలలో అదే పందెంలో మెర్విన్ రాబిన్సన్ ప్రాణాలు పోయాయి. తొలినాళ్ల తోడు, ఇంటి మనిషి. జోయీ ఇక పందేలు మానివేద్దామనుకున్నాడు.

మానలేదు. కొద్ది వారాలకే ఐల్ ఆఫ్ మాన్‌లో ‘క్లాసిక్’ పందెం ఆరంభ రేఖవద్ద పాత యమహా 750 మీద కూర్చుని ఉన్నాడు. ఎదుట హోండా కంపెనీ తన సొంత యంత్రాలతో, వేతనాలిచ్చి పోషించే మెకానిక్కులతో దిగింది. వారి రౌతు మిక్ గ్రాంట్ అప్పటికే పేరుమోసినవాడు. జోయీ పక్షాన ఉన్నది ఊరి స్నేహితులు, ఒక లారీ కంపెనీ యజమాని ఔదార్యం. మధ్యలో ఆగడం తగ్గించాలని మామూలుకంటె పెద్ద పెట్రోలు ట్యాంకు అమర్చారు. మొదటి చుట్టులోనే ఆ ట్యాంకును బిగించి ఉంచే పట్టీ తెగిపోయింది. నిండు ట్యాంకు కదలడం మొదలు పెట్టింది. ఆగి బాగుచేయించుకుంటే పందెం పోయినట్టే. జోయీ ఆగలేదు. మోకాళ్లతో ట్యాంకును అదిమి పట్టుకుని, మలుపు వచ్చినచోటల్లా దానిని సముదాయించుకుంటూ తక్కిన చుట్లన్నీ పూర్తి చేశాడు. గెలవడమే కాదు, గంటకు 115.22 మైళ్ల సగటుతో ఆ దారిమీద అప్పటికి ఎవరూ పోనంత వేగంగా ఒక చుట్టు పోయాడు. మరుసటి ఏడు హోండా కంపెనీ అతనిని తనవద్ద చేర్చుకుంది. ఓడించినవాణ్ణి ఎదుట ఉంచుకోవడంకంటె పక్కన ఉంచుకోవడమే వ్యాపార దక్షత!

ఆ తరువాతి చరిత్ర అంకెలలో చెప్పవచ్చును. 1982 నుంచి 1986 వరకు వరుసగా ఐదేళ్లు టి.టి. ఫార్ములా వన్ ప్రపంచ విజేత. 1983 నుంచి 1988 వరకు ఐల్ ఆఫ్ మాన్ ఫార్ములా వన్ పందెం ఏటా అతనిదే. 1985లోను 1988లోను ఒకే వారంలో మూడేసి విజయాలు. అల్‌స్టర్ గ్రాండ్ ప్రీలో మొత్తం 24, నార్త్ వెస్ట్ 200లో 13. కాని జనం అతనిని ప్రేమించింది ఈ అంకెలను చూసి కాదు. గెలిచినవారు లోకంలో చాలామంది ఉంటారు. గెలిచిన తరువాత కూడా నిన్నటి మనిషిగానే ఉండిపోయినవారు తక్కువ.

ప్రపంచ విజేత అయిన తరువాతా అతడు వ్యానులోనే పడుకునేవాడు. చిన్న యంత్రాలను తన చేతులతోనే విప్పి బిగించుకునేవాడు. వేళ్లకు ఎప్పుడూ గ్రీజు మరకలే. చెదిరిన జుట్టు, పెదవిమీద సిగరెట్టు, నలిగిన చొక్కా. టెలివిజన్ వారు వస్తున్నారంటే వ్యాను వెనక్కు తప్పుకునేవాడు. పట్టుబడితే నేలచూపులు చూస్తూ, ఆంట్రిమ్ యాసలో నాలుగు ముక్కలు గొణిగి తప్పించుకునేవాడు. సంప్రదాయంగా కొన్ని నమ్మకాలుండేవి. తోలు దుస్తుల కింద ఎర్ర బనియను, తలకు పసుపుపచ్చ శిరస్త్రాణం, యంత్రంమీద మూడవ నంబరు. ఆ పసుపు రంగు మలుపులో కనిపించగానే గట్లమీది జనం చేతిలోని టీకప్పు పక్కన పెట్టి లేచి నిలబడేవారు. పందెం లేని సమయంలో బాలిమనీలో తన పబ్బులో బల్లవెనుక నిలబడి గ్లాసులు నింపేవాడు. ఆ ఊళ్లో అతనిని ఎవరూ ‘ఛాంపియన్’ అని పిలువలేదు. జోయీ, అంతే.

1985 మే నెలలో జరిగిన ఒక ఘటన అతని రీతికి మచ్చుతునక. ప్రపంచంలోకెల్ల పెద్ద మోటారు సైకిలు కంపెనీకి ప్రధాన రౌతు అయి ఉండీ, అతడు తన తమ్ముడు రాబర్టుతో, మిత్రులతో కలిసి, మోటారు సైకిళ్లను ఒక చేపల పడవలో వేసుకుని రాత్రిపూట ఐల్ ఆఫ్ మాన్‌కు బయలుదేరాడు. స్ట్రాంగ్‌ఫర్డ్ ముఖద్వారంవద్ద పోటు ఉధృతంగా ఉంటుంది. అక్కడ పడవ చుక్కాని చెడి, రాతికి కొట్టుకుని మునిగిపోయింది. సమయానికి రక్షణ పడవ వచ్చి అందరినీ కాపాడింది. మునిగిన మోటారు సైకిళ్లను గజ ఈతగాళ్లు తరువాత పైకి తీశారు. పది పదిహేను రోజులకు జోయీ ఐల్ ఆఫ్ మాన్‌లో మూడు పందేలు గెలిచాడు.

విధి ఎల్లకాలం అంత దయగా లేదు. 1989లో ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్‌లో మరొక రౌతు అదుపు తప్పి ఢీకొనడంతో జోయీ కాలు, మణికట్టు విరిగాయి. ఆ ఏడు ఐల్ ఆఫ్ మాన్‌కు పోలేకపోయాడు. మరుసటి ఏడు పోయినా పెద్ద యంత్రాన్ని లొంగదీసే శక్తి చేతులకు ఇంకా రాలేదు. అతని కాలం ముగిసిందని పత్రికలు రాశాయి. అలా రాయడం తప్పని కూడా అనలేము. 37 ఏళ్ల వయసులో అంత దెబ్బ తిన్నవాడు తిరిగి లేస్తాడని ఎవరనుకుంటారు? జోయీ వాదించలేదు. 125 సి.సి. చిన్న యంత్రాన్ని తీసుకుని మొదటినుంచి మొదలు పెట్టాడు. 1992లో ఆ చిన్న యంత్రంమీదనే గెలిచి, మహారథి మైక్ హేల్‌వుడ్ నెలకొల్పిన 14 విజయాల రికార్డును అందుకున్నాడు. 1993లో దానిని దాటాడు. 1998లో పందేలకు కొద్ది వారాల ముందు మరొక ప్రమాదంలో ఎడమచేతి వేలు పోగొట్టుకుని, ఇంకా గాయాలు మానని శరీరంతో, జడివానలో 250 సి.సి. పందెం గెలిచాడు.

ఈ సంవత్సరాలలోనే అతని జీవితంలో మరొక యాత్ర సాగుతూ ఉండేది. దాని సంగతి చాలాకాలం చాలామందికి తెలియదు. తూర్పు ఐరోపాలో కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలిన తరువాత రుమేనియా అనాథాశ్రమాల దుస్థితి లోకానికి వెల్లడయింది. ఇనుప మంచాలలో ఆలనా పాలనా లేక పడి ఉన్న పసివారి చిత్రాలు టెలివిజన్లో చూసినవారందరూ అయ్యో అన్నారు. జోయీ వ్యాను కడిగాడు. పందెపు యంత్రాలుండే చోట పాలపొడి, బట్టలు, దుప్పట్లు, తిండి సామాను సర్దాడు. స్టీరింగు ముందు కూర్చుని, చాలాసార్లు ఒంటరిగానే, ఐరోపా ఖండం ఈ చివరినుంచి ఆ చివరికి నడుపుకుంటూ పోయాడు. రుమేనియా తరువాత అల్బేనియా, యుద్ధంతో చితికిన బోస్నియా. వెంట విలేఖరి లేడు, ఫొటోగ్రాఫరు లేడు. రాత్రిళ్లు వ్యానులోనే నిద్ర, దారిలో చేసుకున్నదే వంట. తిరిగి వచ్చాక దానిని గూర్చి ఉపన్యసించలేదు. మోటారు సైకిలు పందేలకుగాను 1986లో బ్రిటిష్ ప్రభుత్వం ఎం.బి.ఇ. బిరుదమిచ్చింది. 1996లో అంతకంటె పెద్దదైన ఓ.బి.ఇ. ఇచ్చింది. ఆ రెండవది పందేలకోసం కాదు, ఈ పిల్లలకోసం.

రెండువందల మలుపులున్న ప్రమాదపు దారిలో బతుకును పణం పెట్టేవాడికి, ఎక్కడో ముక్కూమొహమూ తెలియని పసివారి ఆకలి గుర్తుండడం వింతగా కనిపించవచ్చును. అతని భార్యకు, ఐదుగురు పిల్లలకు ఈ రెండు యాత్రలలో ఏది ఎక్కువ దిగులు కలిగించేదో చెప్పడం కష్టం కాదు. ఇటువంటి పందేలను నిషేధించాలనేవారి వాదన తేలికగా కొట్టివేయదగినది కాదు. జోయీ దానికి జవాబు చెప్పే ప్రయత్నం ఎన్నడూ చేయలేదు. అతని స్నేహితులలో సగంమంది ఆ దారులమీదనే పోయారు. ఆ లెక్క అతనికి ఇతరులకంటె బాగా తెలుసు.

2000వ సంవత్సరం జూన్‌లో, 48 ఏళ్ల వయసులో, జోయీ మళ్లీ ఐల్ ఆఫ్ మాన్‌కు వచ్చాడు. ఫార్ములా వన్ పందెం గెలిచి పన్నెండేళ్లయింది. ఎదుట ఉన్నవారిలో సగం వయసు కుర్రవాళ్లున్నారు. హోండావారు ఈసారి అతని కోసం శక్తిమంతమైన కొత్త యంత్రాన్ని సిద్ధం చేశారు. అతడు గెలిచాడు. తరువాత 250 సి.సి. పందెం గెలిచాడు. తరువాత 125 సి.సి. పందెమూ గెలిచాడు. మూడవసారి ఒకే వారంలో మూడు, మొత్తం 26. గెలవలేకపోయిన సీనియర్ పందెంలో సైతం గంటకు 123.87 మైళ్ల సగటుతో తన జీవితంలోకెల్ల వేగవంతమైన చుట్టు పోయాడు. అంతమంది ముందు పొగడ్తలు వింటూ నిలబడవలసి రావడం అతనికి పందెంకన్న కష్టంగా ఉన్నట్టు కనిపించింది. ఇకనైనా విరమించవచ్చునని ఎందరో ఆశించారు.

నెల తిరగకముందే వ్యానులో యంత్రాలు వేసుకుని ఎస్టోనియా రాజధాని తాలిన్‌కు ప్రయాణమయ్యాడు. అది ప్రపంచ ప్రసిద్ధి గల పందెం కాదు. పెద్ద బహుమతులూ లేవు. పిరిటా అనే శివారులో, పైన్ చెట్ల అడవిగుండా పోయే రహదారిమీద జరిగే పాత పందెం. జులై 2వ తేదీన అక్కడ రెండు పందేలు గెలిచాడు. మూడవది 125 సి.సి. పందెం. వాన మొదలయింది. ముందు వరుసలో పోతూ ఉండగా తడిరోడ్డుమీద యంత్రం పట్టు తప్పింది. దారి అంచునే చెట్లు. అక్కడికక్కడే ప్రాణం పోయింది.

శవాన్ని స్వదేశానికి తెచ్చారు. బెల్‌ఫాస్టులోని ఏ వర్గపు వీధిలోనైనా ఆ వారం ఒకే మాట.

ఆ కుటుంబం చెల్లించిన మూల్యం దానితో తీరలేదు. అన్నతోపాటు పందేలలో పేరు తెచ్చుకున్న తమ్ముడు రాబర్టు 2008 మే 15న నార్త్ వెస్ట్ 200 సాధనలో మరణించాడు. రెండు రోజుల తరువాత, తండ్రి అంత్యక్రియలు ఇంకా జరగకముందే, రాబర్టు కొడుకు మైఖేల్ అదే దారిలో 250 సి.సి. పందెంలో పాల్గొని గెలిచాడు. దీనిని ధైర్యమన్నవారున్నారు, పిచ్చి అన్నవారున్నారు. 2018 జులైలో మైఖేల్ అన్న విలియమ్ ఐర్లండులోని స్కెరీస్ పందెం సాధనలో ప్రాణాలు కోల్పోయాడు. మైఖేల్ మానలేదు. 2024లో ఐల్ ఆఫ్ మాన్‌లో 27వ విజయం సాధించి, 24 ఏళ్లుగా ఎవరూ దాటలేకపోయిన పెదనాన్న రికార్డును దాటాడు. జోయీ పోయేనాటికి అతనికి పదకొండేళ్లు.

బాలిమనీలో జోయీ పేర ఒక స్మారక వనం ఉన్నది. తాలిన్‌లో అతడు పడిన చోట కూడా ఒక గుర్తు నిలిపారు. ఐల్ ఆఫ్ మాన్‌లో స్నేఫెల్ కొండమీద ‘బంగళా’ అనే మలుపు ఉన్నది. మన దేశంనుంచి వలసపోయిన మాట అది. ఒకప్పుడు అక్కడ ఉన్న హోటలు పేర ఆ చోటుకు నిలిచింది. ఆ మలుపువద్ద హోండా యంత్రంమీద కూర్చున్న జోయీ కంచు విగ్రహం రోడ్డువైపు చూస్తూ ఉంటుంది. ఆ ఏడు రికార్డు దాటిన పందెంలో, ప్రతి చుట్టులోనూ, మైఖేల్ ఆ చూపుల ముందునుంచే పోయాడు.